అరవై మూడు గంటలు

"మీరు అబద్ధం చెప్తున్నారు."

నొయేలియా నాతో మనసులోంచి అన్న మొదటి మాట అది. అంతకుముందు అడిగినవన్నీ పేరు, వయసు, ఇంటి నంబరు.

సెర్రో గుట్ట మీద ఏడో నంబరు ఇల్లు మాది. ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన నీలం టోపీ, మెడలో సర్వే కార్డు, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. నా చంకలో మా అక్క కూతురు మైతె. పద్నాలుగు నెలల పిల్ల. నా గడ్డానికి అరటిపండు పూసే పనిలో ఉంది.

"అబద్ధమేంటండీ? పని లేదు కాబట్టి సున్నా అన్నాను."

"జీతం లేని పని గురించి అడుగుతున్నాను. వంట, బట్టలు, పిల్లల్ని చూసుకోవడం. వారానికి ఎన్ని గంటలు?"

"సున్నా. నేను ఊరికే ఇంట్లో ఉంటున్నా."

"మరి చంకలో ఉన్నదేంటి?"

"ఇదా? ఇది మైతె."

గేటు దగ్గర నెల్సన్ మామ పకపకా నవ్వాడు. పక్కింటాయన. ఒకప్పుడు మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టిన మనిషి, ఆ మీసం ఇప్పటికీ దిగలేదు. ఆయన వింటున్నాడు కాబట్టే నేను సున్నా దగ్గర మొండికేశాను. నేను పనిచేసే వర్క్‌షాపు మూతపడి ఏడాదైంది. అక్క సూపర్‌మార్కెట్ డ్యూటీకి వెళ్తే నేను పాలు కాచుకుంటున్నానని వీధి మొత్తానికీ తెలుసు. అయినా సర్కారు కాగితం మీద అది నా నోటితో చెప్పి రాయించుకోవాలంటే నామోషీగా అనిపించింది.

"పాపకి మీరేమవుతారు?"

"మేనమామని. వాళ్ళమ్మ గిసెల మా అక్క. ఇంట్లో మేం ముగ్గురమే. నాకింకా పెళ్ళి కాలేదు, అది కూడా రాసుకోండి."

"అది నేనడగలేదు." మాట కటువుగానే ఉంది కానీ పెదవి చివర నవ్వు దాగలేదు. "చివరిసారి అడుగుతున్నా. మీరేం చెప్తే అదే రాయాలి, మా రూల్ అది. ఎన్ని గంటలు?"

నెల్సన్ మామ మీసం దువ్వుకున్నాడు.

"సున్నా," అన్నాను.

కాగితం చిరిగేంత గట్టిగా రాసి, వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయింది. నేను మాత్రం మలుపు దాకా ఆ నీలం టోపీనే చూస్తూ నిలబడ్డాను. మైతె నా చెవిలో అరటిపండు పెట్టింది.

రెండు వారాలకి మా వీధి చివర క్లబ్బు తలుపు మీద నోటీసు అంటించారు. మూడేళ్ళలోపు పిల్లలకి పెడతామన్న క్రెష్ మా పేటకి రాదట. సర్వేలో ఇక్కడ అవసరం తక్కువని తేలిందట. అభ్యంతరాలుంటే వచ్చే శనివారం ఉదయం ఇదే క్లబ్బులో జరిగే సభలో చెప్పుకోవచ్చు.

సరిగ్గా ఆ రోజే నాకు బస్సు బాడీలు కట్టే చోట ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. మార్చి ఒకటిన చేరాలి.

అక్క ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "నువ్వు చేరరా. నేను మానేస్తాలే."

"నువ్వెందుకు మానాలి?"

"ఎవరో ఒకరు మానాలిగా."

ఆ మాట తను చాలా మామూలుగా అంది. ఎనిమిదేళ్ళు కష్టపడి సూపర్‌వైజర్ అయిన మనిషి, నా ఒక్క సున్నా వల్ల ఇంట్లో కూర్చోవాలా? ఎవరూ మానకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మర్నాడు సంతలో వాన పట్టుకుంది. గుమ్మడికాయల కొట్టు పరదా కిందకి పరిగెత్తితే, అక్కడ నీలం టోపీ.

"సున్నా గారూ!" అంది నొయేలియా. "పాప ఏది?"

"అక్క దగ్గర. మేడమ్, నా జవాబు మార్చాలి."

"ఫారాలు మూసేశారు. మీ వీధిలో ఎనభై ఇళ్ళు. అరవై ఇళ్ళలో 'ఊరికే ఇంట్లో ఉంటున్నాం' అన్నారు. ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తూ, పిల్లలకి అన్నాలు పెడుతూ చెప్పారండీ ఆ మాట! రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది."

"ఇప్పుడేం చేయమంటారు?"

ఆమె సంచిలోంచి ఖాళీ కాగితాలు తీసింది. "సోమవారం నుంచి శుక్రవారం దాకా గంట గంటకీ రాయండి. శనివారం లేచి చదవండి. సభలో చెప్పింది వాళ్ళు నమోదు చేసుకుని తీరాలి."

"అందరి ముందా?"

"భయమా?"

"భయమే. మీరు వెనక నిలబడతానంటే చదువుతా."

వాన జల్లు మా ఇద్దరి బూట్లనీ తడిపేస్తోంది. ఇద్దరం కదల్లేదు.

"నిలబడతా," అంది.

"మీ ఫోన్ నంబరు..."

"సర్వే ఇళ్ళవాళ్ళతో సొంత పరిచయాలు కుదరవు. రూల్."

"ఎన్ని రూల్సండీ మీకు!"

"నాకివి కావాలి," అంది, ఈసారి నవ్వకుండా. "అందుకే నా కాగితాల్ని నమ్ముతారు."

శనివారం క్లబ్బు హాలు కిక్కిరిసింది. కాగితం పట్టుకుని లేచాను.

"సోమవారం. ఆరింటికి పాలు. ఆరున్నరకి డైపర్. ఏడింటికి గంజి, సగం నా చొక్కా మీద..."

"ఆయా గారూ!" అని వెనక నుంచి ఎవరో ఈల వేశారు. హాలంతా నవ్వు. నా చెవులు భగ్గుమన్నాయి. వెనక గోడ దగ్గర నీలం టోపీ కదలకుండా ఉంది. నేనూ ఆపలేదు. మంగళవారం చదివాను. బుధవారం మైతెకి జ్వరం వచ్చిన రోజు చదివాను. శుక్రవారానికి వచ్చేసరికి నవ్వులు లేవు.

"మొత్తం అరవై మూడు గంటలు. మొదట సున్నా అన్నాను. సిగ్గుపడి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మార్చి ఒకటి నుంచి నాకు ఉద్యోగం. క్రెష్ లేకపోతే నేనైనా మానాలి, మా అక్కైనా మానాలి. ఇద్దరం మానం."

కుర్చీ కిర్రుమంది. నెల్సన్ మామ లేచాడు. మీసం ఇవాళ దువ్వుకోలేదు.

"మా ఆవిడ మంచం పట్టి మూడేళ్ళు. జడ కూడా నేనే వేస్తా. అదీ లెక్కలోకి వస్తుందా అమ్మా?"

"వస్తుంది," అంది అధ్యక్షస్థానంలో ఉన్న ఆవిడ, మెల్లగా.

"అయితే నాదీ సున్నా కాదు."

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. గంట గడిచాక ఆవిడ చేతులెత్తేసింది. "సరే! మళ్ళీ సర్వే చేయిస్తాం. నొయేలియా, నీకు వీధి తెలుసు. రేపు నువ్వే వెళ్ళు."

"నన్ను పంపకండి మేడమ్."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నొయేలియా టోపీ తీసి చేతిలో పట్టుకుంది. మొహం ఎర్రబడింది కానీ గొంతు తడబడలేదు.

"ఏడో నంబరు ఇంట్లో ఆ మనిషి గురించి నేనింక నిష్పక్షపాతంగా రాయలేను. ఇష్టం ఏర్పడింది. రూల్ ప్రకారం చెప్పాలి, చెప్తున్నా."

ఇందాకటి ఈలే మళ్ళీ వినిపించింది. ఈసారి నాకది ఎంతో హాయిగా ఉంది.

మళ్ళీ లెక్క తీశాక క్రెష్ మా పేటకే వచ్చింది, కాకపోతే ఏప్రిల్లో. మార్చి నెలంతా మైతెని నెల్సన్ మామే చూసుకున్నాడు, గంటలు రాసి పెట్టుకుని మరీ. అక్క డ్యూటీ మానలేదు, నేను ఉద్యోగం వదల్లేదు.

అదంతా తర్వాతి సంగతి. సభ జరిగిన మర్నాడే, ఆదివారం, సర్వేకి ఎవరో పెద్దాయన వచ్చాడు. వసారాలో నొయేలియా మాతె ఆకుల టీ తాగుతోంది. నేను థర్మాస్‌లోంచి అందులోకి వేడినీళ్ళు పోస్తున్నాను. మైతె ఆ నీలం టోపీని నములుతోంది.

"ఇంట్లో ఎంతమంది?" అన్నాడాయన. "ఈ అమ్మాయి కూడా ఈ ఇంటి మనిషేనా?"

నొయేలియా గతుక్కుమంది. "కాదండీ, నన్ను రాయకండి!"

అక్క వంటింట్లోంచి తల బయటపెట్టింది.

"ఇవాళ్టికి ముగ్గురమే రాయండి సార్. కింద ఒక వరస మాత్రం ఖాళీగా వదలండి."