నేరేడు రంగుకు అర్థం

2091 నాటికి కాకినాడలో ఏ రోజు ఏ జబ్బుదో బట్టల బీరువాయే చెప్పి, ఆ రోగుల మీద సానుభూతికి గుర్తుగా పెట్టుకునే రంగు రిబ్బను తీసి ఇచ్చేది. జనం అది పెట్టుకుని ఫొటో దిగేవారు. సాయంత్రానికి ఏ రంగు దేనికో మరచిపోయేవారు.

అందుకే కీళ్ళబిగువు రోగుల సమితి అబద్ధమాడని రిబ్బను ఒకటి కావాలని అడిగింది. నేత ఇంజనీరు దమయంతి పన్నెండేళ్ళు కష్టపడి దాన్ని తయారు చేసింది. పేరు తలపుపట్టీ. మణికట్టుకు కట్టుకుంటే అందులోని న్యూరల్ సెన్సర్లు నాడుల్లో మిగిలిన జాడను చదువుతాయి. ఆ నెలలో ఒక రోగిని ఎంతసేపు, ఎంత గాఢంగా తలచుకున్నారో పసిగడతాయి. తలచుకోకపోతే పట్టీ తెల్లగానే ఉంటుంది. తలచుకున్న కొద్దీ నేరేడు రంగు ముదురుతుంది. ఆ రంగుకు అర్థం దయ అని సమితి ఊరంతా చాటింది.

ఇంత చేసినా సమితి లోగోలోకి మాత్రం దమయంతి తోటికోడలు వాసంతి చెయ్యే ఎక్కింది. వాసంతికి కీళ్ళబిగువు వచ్చి నాలుగేళ్ళయింది. వంకర తిరిగిన ఆ వేళ్ళు ఓర్పుకు గుర్తట. బస్సుల మీద అవే, పాల డబ్బాల మీద అవే. ఇంట్లో అత్తగారు కాఫీ ముందు వాసంతికే ఇచ్చి, వేడి సరిపోయిందా అని అడిగేది. దమయంతి పేరు పట్టీ పెట్టె అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. లేస్తూనే ఆమెకు వాసంతి వేళ్ళే గుర్తొచ్చేవి. కూర తరుగుతున్నా అవే.

ఆవిష్కరణ సభలో మొదటి పట్టీలు వాసంతి ఇంటివాళ్ళే కట్టుకోవాలన్నాడు సమితి అధ్యక్షుడు. అన్నీ వాసంతి పేరు మీద అమర్చినవే. దమయంతి తన మణికట్టు వంక చూసుకుంది. తనది తెల్లగా మిగిలిపోతే? దయ లేని మనిషి దయను కొలిచే పట్టీ నేసిందని పదిమందీ నవ్వరూ?

వాసంతి భర్త పట్టీ బియ్యం కడుగునీళ్ళ రంగుకు వచ్చి ఆగిపోయింది. అత్తగారిది లేత వంగపువ్వు రంగు. దమయంతి కళ్ళు మూసుకుని కట్టుకుంది. చప్పట్లు విని తెరిచింది. పట్టీ దాదాపు నల్లగా, ముగ్గిన నేరేడు పండులా ఉంది. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆమెకు అప్పుడు అర్థమైంది. తలపు ఎంతుందో కొలవడం పట్టీకి నేర్పింది గాని, అది ఎలాంటి తలపో చూడమని నేర్పలేదు.

పక్కన కూర్చున్న వాసంతి ఆ పట్టీనీ, తోటికోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"నా మీద ఇంత కడుపుమంటా అక్కా నీకు?" అంది మెల్లగా, నవ్వుతూనే.

దమయంతి తల వంచుకుంది. "మైకు ఇవ్వమను. పట్టీలో లోపముందని చెప్పేస్తాను."

"ఎందుకూ? మీ మరిది నెలకోసారైనా తలుచుకున్నట్టు లేడు. నువ్వేమో రోజంతా తలుచుకున్నావు. నాకిదే బావుంది, ఊరుకో."

ఇంత తేలిగ్గా క్షమించే గుణం కూడా దీనికే దక్కాలా, అనుకుంది దమయంతి.

పట్టీ మరో ఛాయ ముదిరింది.