గజపతి పదిహేనో అధ్యాయం

"నేను దొంగను కానని చనిపోయిన మనిషి చేత చెప్పించగలరా?"

అల్వాల్ రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, హోమియో మందుల దుకాణం పై అంతస్తులోని చిన్న గదిలోకి వచ్చిన యువతి కూర్చోకుండానే అడిగిన మొదటి మాట అది. ప్రైవేటు డిటెక్టివ్ ఫణిభూషణ్ ఆమెకు కుర్చీ చూపించాడు. ఆయన సహాయకురాలు అశ్రిత మంచినీళ్లు అందించింది. ఆ యువతి గ్లాసు అందుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టింది.

ఆమె పేరు ధరణి. అల్వాల్‌లోనే ఒక బడిలో తెలుగు చెబుతుంది. డిటెక్టివ్ గజపతి నవలలు చదువుతూ పెరిగిన మనిషి. వాటిని రాసిన చలపతిరావు రైల్వేలో పని చేసి రిటైరై, శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాడు. నలభై నవలలు పూర్తిచేశాడు. నలభై ఒకటోది పద్నాలుగు అధ్యాయాలు సాగి, పదిహేనోది మొదలుకాకముందే రెండేళ్ల కిందట కన్నుమూశాడు.

"ఆయన తమ్ముడి కొడుకు జయకృష్ణ గారే ఆ నవలలు అచ్చువేస్తారు. నా కథలు చూసి, గజపతిని మీరు కొనసాగించండి, ముందు ఈ చివరి అధ్యాయం రాయండి అన్నారు. ఎనిమిది నెలలు రాశాను సార్. రాసే ముందు శామీర్‌పేట వెళ్లి, రావుగారి బీరువా రెండుసార్లు వెతికాను, ముగింపు గురించి ఎక్కడైనా రాసుకున్నారేమోనని. ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను."

"తర్వాత?"

"పోయిన వారం అట్ట మీద ఫోటో కోసం జయకృష్ణ గారు అదే బీరువా తీశారు. అరలో పరిచిన కాగితం కింద పదహారు పేజీలు దొరికాయి. పదిహేనో అధ్యాయం, రావుగారి అక్షరాలతో. నా ముగింపే అచ్చుకావాలని నేను దాన్ని చూసి కూడా అక్కడ దాచానంటున్నారు. తప్పు ఒప్పుకుంటూ రాసివ్వాలట. లేకపోతే ఆదివారం ఈ నవలను ప్రకటించే సభలో అందరి ముందూ చెబుతారట." ఆమె తల వంచుకుంది. "సోమవారం పిల్లల ముందు ఏ ముఖంతో నిలబడను?"

"రావుగారి భార్య ఏమన్నారు?"

"పార్వతీదేవి గారా? ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ కాల్చింది."

ధరణి ఇచ్చివెళ్లిన జెరాక్సు ప్రతిలో ఫణిభూషణ్ ఆ సాయంత్రం దాకా నవల చదివాడు. ఆయన పక్కన పెట్టిన ప్రతి పేజీనీ అశ్రిత అందుకుని చదివింది. శామీర్‌పేట చెరువు కట్ట మీద మే నెలలో ఒక భూముల బ్రోకరు హత్య. అనుమానం నలుగురి మీద. వారిలో ఎల్లయ్య అనే జాలరి ఒకడు. కొత్తగా దొరికిన పేజీల్లో గజపతి వేలెత్తి చూపింది ఆ ఎల్లయ్యనే.

"బాగుంది సార్," అంది అశ్రిత. "మే నెలలో వేట నిషేధం కదా, మరి నీ వల ఎందుకు తడిసింది అని గజపతి అడుగుతాడు. ఎల్లయ్య నోరు పెగలదు. చిన్న ప్రశ్న, పెద్ద దెబ్బ."

ఫణిభూషణ్ పేజీలు సర్ది బల్ల మీద పెట్టాడు. "రేపు చెరువు చూద్దాం," అన్నాడు.

*

మరునాడు ఉదయం కరీంనగర్ రోడ్డులో బస్సు దిగి, ముందు కాలనీలో చలపతిరావు ఇంటికే వెళ్లారు. పార్వతీదేవి డెబ్బైకి దగ్గరపడిన మనిషి. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచి, నెమ్మదిగా కూర్చుంటుంది. వరండాలో పడక కుర్చీ నిండా ఆమె తమ్ముడు, ఉప్పాడలో చేపల పడవలు నడిపే బుల్లిబాబు ఉన్నాడు.

"ఉప్పాడ నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడిగాడు ఫణిభూషణ్.

"ఏప్రిల్లో వచ్చానండి. ఏటేటా ఇంతే. పదిహేనో తారీఖు నుంచి రెండు నెలలు సముద్రం మీదికి పోకూడదు కదండీ. పడవలు ఒడ్డున, నేను అక్క గుమ్మంలో."

"రెండు నెలలూ కాఫీలు కలపలేక చస్తున్నాను," అంది పార్వతీదేవి లోపలి నుంచి.

"పాతికేళ్ల నుంచి ఇదే మాటండి. కలపడం మాత్రం మానదు."

చలపతిరావు గదిలో రెండేళ్లుగా ఏదీ మారలేదు. గోడ మీద రెండేళ్ల నాటి కేలండరు అలాగే ఉంది. తేదీల గళ్లలో ఏవో గీతలు. ఒకదాని మీద ఒకటి పడిపోయిన అక్షరాలు. అశ్రిత కళ్లు చికిలించినా ఒక్క ముక్కా తెలియలేదు.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"ఆయనేనమ్మా. పాలవాడు రాని రోజులూ, గ్యాసు వచ్చిన రోజులూను."

జబ్బుపడిన మనిషి చేయి కాబోలు అనుకుని అశ్రిత జాలిపడింది. ఫణిభూషణ్ మాత్రం కేలండరు ఆకులు వెనక్కి తిప్పి, జనవరి దాకా చూసి, మళ్లీ యథాస్థానంలో ఉంచాడు.

"ఆయనకు జబ్బు ఎప్పుడు చేసింది?"

"జబ్బేమీ లేదు బాబూ. జూన్ తొమ్మిదిన భోజనం చేసి పడుకున్నారు, అంతే."

*

చెరువు కట్ట మీద ఎంకయ్య తెప్పను ఒడ్డుకు లాగి, వలలోంచి చేపలు విడదీస్తున్నాడు. చలపతిరావు పేరు వినగానే చేతులు ఆగాయి.

"మస్తు మంచోడు సార్. పదకొండేండ్లు రోజూ పొద్దుగాల గీడనే, గీ బండ మీదనే కూసుండేటోడు. చేప ముట్టడు, గని చేపల ముచ్చట ఇడువడు. గది గట్లెందుకు, గిది గిట్లెందుకు... నా పెండ్లాం శంకరమ్మ గూడ నన్ను గన్ని ప్రశ్నలడగలె."

"రాసుకునేవారా?"

"చిన్న బుక్కుల రాస్కునేటోడు. నాకు సదువు రాదు గని, గవి అచ్చరాలంటే నేను నమ్మ సార్. కోడి గీకినట్టుండె. నవ్వితే ఆయిన గూడ నవ్వేటోడు. 'మా ఇంట్ల చదివేటోళ్లున్నరులే ఎంకయ్యా' అంటుండె."

"అమ్మగారు ఎప్పుడైనా వచ్చారా?"

"అమ్మనా? యాడికెళ్లి? కట్ట ఎక్కనీకి మోకాళ్లు రావాలె గద."

అశ్రిత వల వైపు చూసి అడిగింది: "ఇది మే నెల కదా, వేట ఆపరా?"

ఎంకయ్య ఆమెను పైకీ కిందికీ చూశాడు. "ఎందుకాపాలె బిడ్డా? నీళ్లు తగ్గినంకనే గద చేప చేతికి దొర్కేది. ఎండకాలమే మాకు పండుగ. వానలు వడి, చెర్వుల చేప పిల్లలు ఇడిసినంక గప్పుడు ఆపుతం. సార్‌కు గిది మా కంటె ఎక్కువ తెలుసు. ఎన్ని ఎండకాలాలు నా ఎంబడి కూసున్నడు!"

తిరుగు బస్సులో అశ్రిత ఆ పదహారు పేజీలు మళ్లీ తిరగేసింది. అల్వాల్ దగ్గరపడ్డాక అంది: "అయితే ఆ ముగింపు రావుగారిది కాదు. కానీ అక్షరాలు ఆయనవేనని జయకృష్ణ గారు ఒట్టేసి చెబుతున్నారు కదా సార్."

"అక్షరాల విషయంలో ఆయన ఏ తప్పూ చేయలేదు," అన్నాడు ఫణిభూషణ్. "ఆయన పొరపడింది మనిషి విషయంలో."

*

ఆదివారం సభ సాయంత్రానికి. ఉదయం పది గంటలకు ఫణిభూషణ్ అందరినీ పార్వతీదేవి ముందుగదిలోకి పిలిపించాడు. జయకృష్ణ నిలబడే ఉన్నాడు. ధరణి గుమ్మం పక్క కుర్చీ అంచున కూర్చుంది. బుల్లిబాబు పడక కుర్చీ లోపలికి తెచ్చుకున్నాడు.

"క్షమాపణ రాసి తెచ్చారా?" అన్నాడు జయకృష్ణ ధరణితో.

"ముందు ఎల్లయ్య సంగతి తేలనివ్వండి," అన్నాడు ఫణిభూషణ్. "ఈ పదహారు పేజీల్లో గజపతి ఒక జాలరిని హంతకుడని తేల్చాడు. ఆధారం ఒక్కటే: మే నెలలో వేట నిషేధం, అయినా వల తడిసింది. ఆ నిషేధం సముద్రానిది. ఈ చెరువుకు మే నెల నిండు వేటకాలం. పదకొండు వేసవులు కట్ట మీద కూర్చున్న చలపతిరావు గారు ఆ తప్పు చేయరు. నలభై నవలల్లో ఒక్క నిరపరాధినీ జైలుకు పంపని గజపతి ఇక్కడ పంపాడు."

జయకృష్ణ ధరణి వైపు తిరిగాడు. "అయితే ఈమే రాసి..."

"ఈమె అల్వాల్ మనిషి, మీరూ అల్వాల్ మనిషే. చెరువులో వేట ఎప్పుడో మీ ఇద్దరికీ తెలియకపోవచ్చు. కానీ వేసవిలో వేట ఆగుతుందన్న ఊహ ఊరికే పుట్టదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని రాసినంత సహజంగా, వేట ఆగిందని రాసిన చేయి ఇది. ఏటా అదే నెలల్లో ఆగిన పడవల కబురు ఇంట్లో వింటున్న చేయి."

అందరూ బుల్లిబాబు వైపు తిరిగారు. ఆయన అదిరిపడి లేచాడు.

"నేనా! బాబూ, నా సంతకాన్నే బ్యాంకువాళ్లు మూడుసార్లు వెనక్కి పంపారండి. పదహారు పేజీలా! పదహారు జన్మలు కావాలి!"

"మీరు కాదు," అన్నాడు ఫణిభూషణ్. "జయకృష్ణ గారూ, మీ పెదనాన్న అక్షరాలని మీరు ఇన్నేళ్లూ దేన్ని చూశారు?"

"వ్రాతప్రతుల్ని. నలభై నవలలూ ముత్యాల్లాంటి అదే దస్తూరి."

"ఆ గదిలో కేలండరు ఉంది. జబ్బు లేదు, చేయి వణకదు. అయినా జనవరి నుంచి జూన్ దాకా ఆయన రాసిన ఒక్క ముక్క నాకు చదవరాలేదు. అవే నెలల్లో రాసిన పద్నాలుగు అధ్యాయాలు మాత్రం ముత్యాలు. ఒకే మనిషికి రెండు చేతిరాతలు ఉండవు. ఆయన చిత్తుప్రతి రాస్తే, మరొకరు సాపుచేశారు. మీ దాకా వచ్చింది ఆ సాపుప్రతే. ఇన్నేళ్లుగా మీరు గుర్తుపడుతున్నది ఆ మరొకరిని."

ఫణిభూషణ్ ఎవరి వైపూ చూడలేదు. చెప్పవలసిన వారికి చోటు విడిచి, ఆగాడు.

"ఆయన చిత్తు నాకు తప్ప ఎవరికీ చదవరాదు," అంది పార్వతీదేవి. "పెళ్లయిన మొదటి ఏడాది నుంచీ అంతే. ఆయన రాస్తారు, నేను దిద్ది సాపు చేస్తాను. దిద్దుతూ ఒక మాట మార్చినా ఆయనకు తెలిసేది కాదు. తెలిసినా తెలియనట్టు ఉండేవారు."

"పెద్దమ్మా..."

"ఉండు, చెప్పనీ. వేరే వాళ్ల చేత ముగింపు రాయిస్తున్నానన్నావు. ఆయన సగంలో వదిలి వెళ్లారని అట్ట మీదే అచ్చు వేస్తానన్నావు. ఆయన ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదురా. అందుకే నేనే పూర్తిచేసి పెట్టాను. నీ కంటబడితే ఆయనే ముగించారనుకుంటావని. అంతవరకే అనుకున్నాను." ఆమె ధరణి వైపు తిరిగింది. "ఈ పిల్ల దాచిందని నువ్వన్నప్పుడు, కాదురా అనడానికి నోరు తెరిచాను. తెరిస్తే ఆయన పుస్తకం పోతుంది. మూసుకున్నాను. నీ పరువు ఖరీదుతో ఆయన పేరు నిలబెట్టాలనుకున్నానమ్మా. పాపం ఎల్లయ్యనూ, నిన్నూ ఒకే కలంతో దోషుల్ని చేశాను."

ధరణి కళ్లు నిండాయి.

జయకృష్ణ చేతులు జోడించాడు. "తప్పు నాదండి. రుజువు లేకుండా నింద వేశాను. పెద్దమ్మ మాట బయటికి రాకుండా, ఏదో పొరపాటని చెప్పి..."

"వద్దు," అంది పార్వతీదేవి. "పొరపాటంటే అనుమానం మిగులుతుంది. సాయంత్రం నన్ను సభకు తీసుకెళ్లు. రాసింది నేను, దాచింది నేను, ఈ పిల్ల కాగితం ముట్టలేదు అని నా నోటితోనే చెబుతాను. నిందపడ్డ చోటే నింద తొలగాలి."

"అక్కా, అంతమందిలో నువ్వు మాట్లాడగలవా?" అన్నాడు బుల్లిబాబు మెల్లగా.

"నలభై పుస్తకాలు మాట్లాడకుండా రాశాను. ఒక్కరోజు మాట్లాడతాను."

ఫణిభూషణ్ లేచాడు. అశ్రిత కాగితాలు సర్దుకుంది. గుమ్మం దాటబోతూ ఆమె వెనక్కి చూసింది. ధరణి తన సంచిలోంచి తాను రాసిన అధ్యాయం తీసి, పార్వతీదేవి ఒడిలో పెట్టి, పక్కనే కింద కూర్చుంది.

"ఇంతవరకూ మీరు దీన్ని చదవలేదని జయకృష్ణ గారు చెప్పారు."

"చదవలేకపోయానమ్మా."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. మొదటి పేజీ తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడో పేజీ దగ్గర వేలు ఒక వాక్యం మీద ఆగింది.

"హంతకుడు దొరికాక గజపతి ఇంత మాట అనడు."

"మరి ఏమంటాడండి?"

పార్వతీదేవి వేలు ఆ వాక్యం మీదే ఉంచింది.

"ఏమీ అనడు," అంది. "అవతలి మనిషి కూర్చోవడానికి కుర్చీ జరుపుతాడు."

ధరణి కలం తీసింది. తానే రాసుకోబోయి, ఆగి, కలాన్ని ఆమె చేతికిచ్చింది.