కారణం: చెప్పను

"మీ వాహనాన్ని ఆపకూడని చోట ఆపారు. కారణం స్పష్టంగా చెప్పండి," అంది నేత్రపాలిక. గది కప్పులోంచి వచ్చే ఆ నగర నిఘా యంత్రం గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు.

సులోచన అంతకు ముందరి కేసు మూసి ఈ కేసు తెరిచింది. జరిమానాల పునర్విచారణలో మనిషి ఒకరు తప్పక కూర్చోవాలని చట్టం. అందుకే ఆమె పరిశీలకురాలిగా అక్కడ ఉంది. పొద్దుటి నుంచీ నేత్రపాలిక కాదన్నవన్నీ తనూ కాదంది. ఎప్పుడైనా అవునంటే, ఆ కారణం వెంటనే విశాఖ వీధిగోడలన్నిటి మీదా వెలుగుతుంది. ఎవరికి ఎందుకు మినహాయింపు ఇచ్చారో జనానికి తెలియాలన్నది నియమం.

ఎదురుగా పైడిరాజు, అతని భార్య అన్నపూర్ణ కూర్చున్నారు. అతను ఒకప్పుడు రేవులో క్రేన్ నడిపినవాడు. ఆమె లెక్కల టీచరు. వరసలో ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు ఆమెను గుర్తుపట్టి నమస్కారం కూడా పెట్టారు. అతను ఆస్పత్రి వంతెన మీద బండి ఆపేయడంతో వెనక రాకపోకలన్నీ స్తంభించాయి. తప్పు ఖాయమైతే ఆ బండికి ఇక వంతెన గేటు తెరుచుకోదు. అన్నపూర్ణను డయాలసిస్‌కు తీసుకెళ్ళడానికి వేరే దారి లేదు.

"చెప్పండి, పైడిరాజు గారూ. బండి చెడిపోయిందా?"

"లేదమ్మా."

"ఆవిడకి ఆయాసం వచ్చిందా? అలా అయితే వైద్య మినహాయింపు ఉంది."

"అదీ కాదమ్మా. అబద్ధమాడమంటారేటి?" అతను నేల మీంచి చూపు ఎత్తలేదు. "నాను సెప్పలేను."

"కారణం అందలేదు. లోచూపు తెరవవచ్చు," అంది నేత్రపాలిక.

బండి లోపలి కెమెరా తీసినది పరిశీలకురాలి తెర మీద మాత్రమే కనిపిస్తుంది. సులోచన అలవాటుగా తెరిచింది.

వెనక సీట్లో అన్నపూర్ణ చీర నడుము కిందంతా పాడైపోయి ఉంది. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. పైడిరాజు తన పంచె విప్పి అద్దాలకు అడ్డం కట్టాడు. నిక్కరుతో మోకాళ్ళ మీద కూర్చుని, సీసాలో నీళ్ళతో ఆమె కాళ్ళు కడుగుతున్నాడు.

సులోచన చప్పున మూసేసింది. అయినా చూసింది చూసినట్టే ఉంది. చెవులు వేడెక్కాయి. ఇలాంటి లోచూపులు ఇన్నాళ్ళూ టీ తాగుతూ ఎన్ని తెరిచిందో గుర్తొచ్చి, సిగ్గుతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సులోచన మొహం చూసి అన్నపూర్ణ గ్రహించింది. "చెప్పెయ్యండి," అంది భర్తతో మెల్లగా. "గోడ మీద పడితే పడనీండి. ఈ వయసులో నన్నెవరు చూస్తారు?"

"నాను సూత్తన్నాను గదా," అన్నాడు పైడిరాజు.

"తిరస్కరణకు సిఫారసు. పరిశీలకురాలు ధ్రువీకరించాలి," అంది నేత్రపాలిక.

"ధ్రువీకరించను," అంది సులోచన. "జరిమానా రద్దు."

"కారణం?"

"నాకు తెలుసు. చెప్పను."

"కారణం లేని రద్దు నమోదు కాదు."

"చట్ట ప్రకారం ఆఖరి మాట మనిషిదే. నా మాట ఇదే. ఉన్నదున్నట్టు నమోదు చెయ్యి. ఆ లోచూపు చెరిపెయ్యి."

కిటికీ అవతల వీధిగోడలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. కాసేపటికి మళ్ళీ వెలిగాయి. జరిమానా రద్దు. కారణం: చెప్పను.

పైడిరాజు చేతులు జోడించాడు. అన్నపూర్ణ మాత్రం సులోచన వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. చూడకపోవడమే న్యాయమనిపించింది సులోచనకు.

తర్వాత ఖరీదైన చొక్కా వేసుకున్న యువకుడు వచ్చాడు. నేత్రపాలిక కారణం అడిగింది. అతను ఒకసారి కిటికీ బయటికి చూశాడు.

"చెప్పను," అన్నాడు.

వరసలో కలకలం రేగింది. ఎవరో నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "నాదీ అంతే, మేడమ్!" అంది. నేత్రపాలిక సిఫారసు ఏమీ చెయ్యలేదు. లోచూపు మీట సులోచన వేలి కిందే ఉంది. ఆ యువకుడు దాస్తున్నది బాధో, దగానో ఆమెకు తెలియదు.

ఆమె మీట మీంచి చెయ్యి తీసేసింది.

"కూర్చోండి," అంది. "మీ పేరేమిటి?"