మూడో ట్యాంకుకు జ్వరం

నెత్తిమీద మూత పడింది. బోల్టులు ఒక్కొక్కటే బిగుసుకుంటున్న చప్పుడు. ఏజెంట్ బల్లి తలెత్తి చూస్తే స్టీలు ట్యాంకు నిండా చీకటే.

పైనున్న గాలిగొట్టంలోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమనుకోకు బల్లీ. నువ్వు నమ్ముతావని వాళ్లకి ముందే చెప్పాను."

"కోడ్ వర్డ్ కరెక్టుగానే చెప్పావు కదా."

"రెండు చోట్లా పనిచేసేదాన్ని. ఆమాత్రం గుర్తుండకపోతే ఎలా?"

హైహీల్స్ టకటకమంటూ మెట్లు దిగిపోయాయి. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు నెమలి. ఈ ప్లాంటులో మాత్రం ఎంజైమ్ కంపెనీ సేల్స్ మేనేజర్. మూడో ట్యాంకులో విషం పెట్టారని చెప్పి బల్లిని లోపలికి దింపింది ఆమే. ఆ మాటవరకు నిజమే. ఈస్ట్‌ను చంపే మందు అడుగంతా పూసి ఉంది. ఉత్తచేత్తో తుడిస్తే పోయేది కాదు.

ఉదయం చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చెవుల్లో గింగురుమంది.

"గడ్డి, మొక్కజొన్న కాడలు, చెరకు పిప్పి. ఈ చెత్తలోంచి ఇథనాల్ తీయడం ఎప్పట్నుంచో తెలుసు. గిట్టుబాటు చేయడమే చేతకాలేదు. గడ్డిలో రెండు రకాల చక్కెర ఉంటుంది. మామూలు ఈస్ట్ ఒకటే తింటుంది. ఈ ప్లాంటు వాళ్లది రెండూ తింటుంది. ఇవాళ బ్యాంకు వాళ్ల ముందు ట్రయల్. గట్టెక్కితే పెట్రోలు కన్నా చవగ్గా అమ్మొచ్చు."

"లేకపోతే?"

"ప్లాంటుకు తాళం. దాచిన ఈస్ట్ స్టాకును ఆ పెట్రోలు ముఠా మొన్ననే తగలబెట్టింది. ఈస్ట్ పెంచే సీడ్ ట్యాంకులో ఉన్నదే ఆఖరిది. గడ్డివాము దగ్గర కుక్కలయ్యా వాళ్లు. తాము తినరు, ఇంకొకర్ని తిననివ్వరు."

ఇప్పుడా ఆఖరి ఈస్ట్ ఈ ట్యాంకులోకే రాబోతోంది. దాని వెనకే గడ్డిరసం వచ్చి బల్లిని ముంచేస్తుంది. బూటు మడమలోని ట్రాన్స్‌మిటర్ ఉక్కు గోడ దాటలేదు. వాచీలోని లేజర్ చురుక్కుమని ఆరిపోయింది. పేరుకే బల్లి, నున్నటి గోడ ఎక్కబోయిన ప్రతిసారీ జారిపడ్డాడు. అరిస్తే బయట పంపుల హోరు మింగేసింది. చావుకు ఎప్పుడో సిద్ధపడ్డాడు. ఇంతమంది కష్టం తన కాళ్ల దగ్గరే చచ్చిపోతుందంటే మాత్రం ఏడుపొచ్చింది.

తడుముతున్న చేతికి గోడలోంచి పొడుచుకొచ్చిన కడ్డీ తగిలింది. టెంపరేచర్ సెన్సర్. బ్యాంకు ఆఫీసరు వేషంలో ప్లాంటు చూసినప్పుడు, అందరూ పిన్నిగారని పిలిచే ఆపరేటర్ చెప్పింది, ట్యాంకు ముప్పై ఐదు డిగ్రీలు దాటితే సీడ్ వాల్వు తెరుచుకోదని.

బల్లి కడ్డీని చంకలో ఇరికించుకున్నాడు. కడిగిన ట్యాంకు తడికి ఒళ్లు మంచుగడ్డ అయిపోయి ఉంది. వేడి పుట్టాలి. చీకట్లో చెవులు పట్టుకుని గుంజీలు తీయడం మొదలుపెట్టాడు. ఒళ్లు వేడెక్కగానే కడ్డీని కరుచుకోవడం, చల్లబడగానే మళ్లీ గుంజీలు.

కంట్రోల్ రూములో పిన్నిగారు సీడ్ బటన్ నొక్కింది. వాల్వు తెరుచుకోలేదు. ఎర్రలైటు వెలిగింది.

"ఖాళీ ట్యాంకు ముప్పై ఆరు చూపిస్తోందేంటి?"

"సెన్సర్ పోయినట్టుంది పిన్నిగారూ. బైపాస్ చేసేయండి," అంది పక్కనే నిలబడ్డ నెమలి.

"పోతే ఒకే అంకె మీద కూర్చుంటుంది. ఇది ఎక్కుతోంది, దిగుతోంది. మనిషికి జ్వరం వచ్చినట్టు."

అంకె దిగసాగింది. ముప్పై ఐదున్నర. బల్లికి మోకాళ్లు లేవడం లేదు. ముప్పై ఐదూ పాయింట్ ఒకటి. నెమలి చేయి బైపాస్ తాళం మీదికి పాకింది. పిన్నిగారు ఆ మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో ఎమర్జెన్సీ స్టాప్ గుద్దింది.

"ఎంజైములు అమ్ముకునేదానివి. నా ట్యాంకు మీద నీకెందుకమ్మా ఇంత తొందర?"

మూత తెరుచుకుంది. పైనుంచి పిన్నిగారు తొంగిచూసింది. వెలుతురుకి బల్లి కళ్లు చికిలించాడు.

"సీడ్?" అనడిగాడు ముందుగా.

"భద్రంగా ఉంది. నాలుగో ట్యాంకులో పోస్తున్నాం. ఆవిడ సెక్యూరిటీ గదిలో ఉంది."

బల్లి అక్కడే చతికిలబడి, సిగ్గు లేకుండా కళ్లు తుడుచుకున్నాడు. నిచ్చెన దిగుతుందని పైకి చూశాడు. పిన్నిగారి చూపు అతని కాళ్ల మీద ఉంది.

"మా ట్యాంకులోకి బూట్లతో దిగారా?"

తాడుకు కట్టిన బకెట్టు కిందికి దిగింది. అందులో గ్లవ్స్, బ్రష్షు ఉన్నాయి.

"శుభ్రంగా రుద్దండి. మూత మాత్రం వేయన్లెండి."