వేడిగది తలుపు

ఆ లాండ్రీ వెనకున్న వేడిగది మంచిది కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. పేపరు వేసేవాడికి తెలుసు, ఎదురింటి మాస్టారికి తెలుసు, ఆఖరికి లాండ్రీలో తిరిగే పిల్లికి కూడా తెలుసు. ఎలకని తరుముకుంటూ ఎంత దూరమైనా పోతుంది గానీ, ఆ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎలకనొదిలేసి వెనక్కొచ్చేస్తుంది. నేను చూశానని అనను. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

వేడిగది అంటే మరేం లేదు. మిషన్లు రాకముందు, వానాకాలంలో దుప్పట్లు ఆరబెట్టడానికి కట్టిన గది. కిటికీ లేదు. మధ్యలో బొగ్గుల పొయ్యి, పైన ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప కమ్మీలు, ఒకే ఒక్క తలుపు. ఇప్పటి అత్తగారు కాపురానికి రాకముందు మాట — దుప్పట్లు తిరగేయడానికి లోపలికెళ్ళిన పనిమనిషిని చూసుకోకుండా ఎవరో బయట గడియ పెట్టేసి పోయారట. తెల్లారి తీస్తే... సరే, అదంతా ఇప్పుడెందుకు. తలుపు లోపలివైపు గోళ్ళ గీతలు ఇప్పటికీ ఉన్నాయంటారు.

దానికితోడు ఆ ఏడాది చప్పుడొకటి మొదలైంది. ఊరు సద్దుమణిగాక వెనక దొడ్లోంచి — బర్ర్... బర్ర్... కాసేపు ఆగి, మళ్ళీ బర్ర్... ఎవరో చెక్కని గోకుతున్నట్టు. విన్నవాళ్ళు కిటికీలు మూసుకుని ముసుగుతన్నేవాళ్ళు. పగలు మీసాలు దువ్వుకునే మగవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు లేచెళ్ళి చూసిన పాపాన పోలేదు.

లాండ్రీ అత్తగారిది. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్ని పెట్టుకుని ఆవిడే నిలబెట్టింది. పెద్దకోడలు కౌంటరు చూస్తుంది, చిన్నకోడలు ఇస్త్రీబల్ల చూస్తుంది. అన్నదమ్ములిద్దరూ రాత్రిళ్ళు వ్యానేసుకుని, ఉతికిన దుప్పట్లు హోటళ్ళకి దించి, మాసినవి ఎత్తుకుని తెల్లారేసరికి ఇంటికొస్తారు.

ఈ కథ చిన్నకోడలిది.

వానలు మొదలైనప్పుడు ఆమె మోచేతి మడతలో చిన్న దద్దురు లేచింది. దోమ కుట్టిందనుకుంది. దోమైతే రెండ్రోజుల్లో పోవాలిగా, పోలేదు. మెడకెక్కింది, వీపు మీదుగా నడుముకి దిగింది, మోకాళ్ళ వెనక చేరింది. ఎర్రగా, అట్టలు కట్టి, ముట్టుకుంటే నిప్పు. పగలు పనిలో పడి ఎలాగో ఓర్చుకునేది. రాత్రి నడుం వాల్చిందా, ఇక ఒళ్ళంతా చీమలు పాకినట్టే.

సబ్బు మార్చింది. చేతులకి తొడుగులేసుకుంది. వంకాయ మానేసింది, చేపలు మానేసింది, గుడ్డు మానేసింది. ఇక తినడానికేం మిగిలిందో ఆమెకే తెలియాలి. డాక్టరు పూతల మీద పూతలు రాసిచ్చి, చివరికి చేతులెత్తేశాడు.

"ఎందుకొస్తుందో చెప్పలేనమ్మా. కొందరికి అంతే. అంటుకునేది కాదనే అనుకుంటున్నాను. గోక్కోవద్దు, అంతే."

"అనుకోవడమేంటి?" అంది పెద్దకోడలు ఆ మాట వినగానే. "డాక్టరుకే తెలీనప్పుడు మనకేం భరోసా? పదిమంది మొహాలు తుడుచుకునే తువ్వాళ్ళు మనవి. ఒక్క హోటలువాడి చెవిన పడిందా, రేపట్నించి వ్యాను ఖాళీగా తిరుగుతుంది."

అత్తగారికి ఆ మాట బాగా నాటుకుంది. అంతే, చిన్నకోడలి కంచం వేరైంది. బకెట్టు వేరైంది. పక్క ఇస్త్రీబల్ల కిందికి మారింది. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని లాగి, దులిపి, ఒకరికెదురుగా ఒకరు నడిచొచ్చి కొసలు కలపాలి. ఆమె చేతికి ఎదురుగా కొస పట్టుకోవడానికి ఆ ఇంట్లో మనిషి లేకుండా పోయింది. ఒక కొస కిటికీ ఊచకి ముడేసుకుని, రెండో కొస పట్టుకుని, తనొక్కతే అటూ ఇటూ నడిచేది. మొగుడు "కొన్నాళ్ళు ఓర్చుకో" అనే రకం. నోట్లో నాలుకుంది గానీ, వాళ్ళమ్మ ముందు అది లేవదు.

పోనీ, ఇవన్నీ భరించింది. భరించలేనిది ఒక్కటే. పాపని ఆమె దగ్గర్నించి తీసేసుకున్నారు.

"పసిదాని ఒళ్ళు. నీ పక్కనెలా పడుకోబెడతావే?" అంది పెద్దకోడలు. "నా పిల్లలు ఎదిగిపోయారు, నా పక్కన బోలెడు చోటుంది." అలా పాప పెద్దమ్మ మంచం మీదికి చేరింది. ఇంకా సరిగ్గా పలక పట్టడం రాని పిల్ల. మొదట్లో రాత్రిళ్ళు అమ్మ కావాలని ఏడ్చేది. తర్వాత అదీ మానేసింది. తల దువ్వుదామని ఈమె చెయ్యి చాపితే వెనక్కి జరిగి, "ముట్టుకోకమ్మా, పెద్దమ్మ తిడుతుంది" అనేది.

ఆ రోజు సాయంత్రం లెక్కలు సర్దుకుంటూ, పెద్దకోడలు మామూలుగా అన్నట్టే అంది.

"అత్తయ్యా, పాపని మా అమ్మ దగ్గరికి పంపేద్దాం. అక్కడే బళ్ళో వేస్తారు. సోమవారం వ్యాను అటే వెళ్తోంది."

ఇస్త్రీపెట్టె చేతిలోనే ఆగిపోయింది. "నా పిల్లని నేను పంపను," అంది చిన్నకోడలు.

"నీకు తగ్గాక తెచ్చుకుందువుగానీలే," అంది అత్తగారు.

"ఎప్పటికి తగ్గుద్దో డాక్టరుకే తెలీదు కదా అత్తయ్యా."

"అందుకే పంపుతున్నాం."

ఇస్త్రీ కింద దిండుగలీబు కాలిన వాసనొచ్చింది. దానికీ తిట్లు తింది.

ఆ రాత్రి అన్నదమ్ములు వ్యానులో వెళ్ళిపోయారు. అత్తగారు ముందుగదిలో పడుకుంది. చిన్నకోడలు బల్ల కింద కళ్ళు తెరుచుకుని ఉంది. ఏడుపు ఒక పక్క, దురద ఒక పక్క. గోకడానికి లేదు. గోకితే ముందుగదిలోకి వినబడుతుంది. పొద్దున్నే అత్తగారు చేతులు చాపమని చూస్తుంది, కొత్త గీత కనిపిస్తే "నీకే తగ్గించుకోవాలని లేదు" అంటుంది. పళ్ళ బిగువున ఓర్చుకుంది. దురద నడుములో మొదలై వీపుకెక్కింది. వీపు నుంచి మెడకి... ఇక లాభం లేదని లేచింది.

ఎవరూ చూడకుండా, ఎవరూ వినకుండా, ఒక్కసారి తనివితీరా గోక్కోవాలి. అలాంటి చోటు ఈ కొంపలో ఎక్కడుంది?

ఉంది. ఒక్కటే ఉంది.

దెయ్యముంటే ఉండనీ, అనుకుంది. నాకంటే దానికేం కష్టముంది.

కాలర్లు రుద్దే బ్రష్షు కోసం గోడ తడిమింది. మేకుకి లేదు. సరేనని ఉత్త చేతులతోనే దొడ్లోకి దిగింది. చీకటి... తడి సిమెంటు... తాళ్ళకి మర్చిపోయిన దుప్పటి ఒకటి మెల్లగా ఊగుతోంది. దాన్ని చెయ్యడ్డం పెట్టి తప్పించుకుని ముందుకెళ్ళింది.

గుమ్మానికి నాలుగడుగుల్లో ఉందనగా —

బర్ర్...

ఉన్నచోటే ఆగింది.

బర్ర్... బర్ర్... లోపల్నించే. తలుపు మీదే. దూరంగా విన్నప్పుడు గాలేమో, ఎలకేమో అనుకోవచ్చు. దగ్గర్నించి వింటే అలా అనుకోవడానికి లేదు. ఊపిరి కూడా వినబడుతోంది. ఎగపోస్తూ... మూలుగుతూ... ఆ ఊపుకి తలుపు చెక్క కదులుతోంది.

పారిపోవాల్సిందే. ఎవరైనా పారిపోతారు. కానీ ఒక తిరకాసుంది — పక్కన గోకుతుంటే మనకీ దురద పుడుతుంది, ఆ గోకేది మనిషైనా సరే, దెయ్యమైనా సరే. ఆ చప్పుడు వింటుంటే వీపంతా ఒక్కసారి భగ్గుమంది. అరుద్దామంటే గొంతు రాలేదు, పరిగెడదామంటే కాళ్ళు రాలేదు, దురద మాత్రం వచ్చింది. మహాతల్లి ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగి, ఆ తలుపుకే వీపానించి రుద్దుకుంది.

బర్ర్.

లోపల చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఈమె కూడా ఆగింది. కాసేపు ఏమీ లేదు... తర్వాత లోపల్నించి, చాలా మెల్లగా —

బర్ర్...

వీపుకానుకున్న చెక్క అవతల, సరిగ్గా వీపంత ఎత్తులో.

పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా దురద ఊరుకోదే! ఇంకొక్కసారి రుద్దింది. ఈసారి లోపల్నించి వణుకుతూ ఒక గుసగుస వచ్చింది.

"ఎ...వరూ..."

ఆమె చెయ్యి దానంతటదే గడియ మీదికెళ్ళింది. ఏ దిక్కుమాలిన దెయ్యమైతేనేం, బయటికి మాత్రం రాకూడదు. ఠపీమని గడియ పెట్టేసింది.

ఆ చప్పుడుకి లోపలున్నది పిచ్చెత్తినట్టు తలుపు బాదింది. "తియ్యండి... ఎవరది... గడియ తియ్యండి... నేను చచ్చిపోతాను, తియ్యండి..."

ఆ గొంతు ఆమెకి తెలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరు దగ్గర వినే గొంతు.

"అక్కా?"

బాదడం ఆగింది. "నువ్వా..." అని ఒక పెద్ద నిట్టూర్పు. ప్రాణం లేచొచ్చినట్టుంది పెద్దకోడలికి. మరుక్షణం కౌంటరు గొంతు కూడా లేచొచ్చింది. "ఇంత రాత్రప్పుడు ఇక్కడేం పనే నీకు? ముందు తియ్యి."

"నీకేం పని?"

తలుపు పలకల మధ్య వేలెడు సందుంది. చిన్నకోడలు బొడ్లో దోపుకున్న ఫోను తీసి, లైటు అందులోకి కొట్టి, కన్ను ఆనించి చూసింది.

పెద్దకోడలు చీర కొంగు గుండెలకదుముకుని నిలబడి ఉంది. రవిక తీసి కమ్మీ మీద వేసింది. లైటు పడగానే పక్కకి తిరిగింది. వీపంతా ఎర్రగా, అట్టలు కట్టి, రక్తపు చారలు. చేతిలో కాలర్ల బ్రష్షు. చిన్నకోడలికీ దద్దుర్లు సరిగ్గా అక్కడే, సరిగ్గా అలాగే ఉంటాయి.

"ఎప్పట్నుంచి?" అంది చిన్నకోడలు.

"తియ్యి, చెబుతా."

"చెప్పు, తీస్తా."

"...ఎండాకాలం నుంచి. నీకంటే ముందే."

"మరి నన్నెందుకు —"

"అత్తయ్యకి తెలిస్తే కౌంటరు మీంచి దింపేస్తుంది నన్ను. ఎలా చెప్పాలా అని చస్తుంటే నీకు బయటపడింది. అందరి కళ్ళూ నీ మీదికెళ్ళాయి. నేనేం చెయ్యను? వెళ్ళనిచ్చాను."

"నా పిల్లని నీ పక్కలో వేసుకున్నావు. ఒంటి నిండా ఇది పెట్టుకుని."

"పసిపిల్లని పక్కలో వేసుకునేదానికి రోగముందని ఎవరనుకుంటారే?"

ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి.

"మరి ఇప్పుడెందుకు పంపేస్తున్నావ్?"

"రవిక మార్చుకుంటుంటే చూసేసింది. చిన్నపిల్ల, ఎవరి దగ్గర వాగుతుందో ఏమో... అంతా చెప్పేశాగా. ఇక తియ్యి. ఒసే... ఉన్నావా? ఇక్కడ చీకటే..."

ఆమె అక్కడ లేదు. మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కి పెద్దకోడలి గదిలోకి దూరింది, లైటు వేసింది. పాప పెద్దమ్మ మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. గౌను ఎత్తి చూసింది. వీపు చూసింది. మెడ, చంకలు, మోకాళ్ళ వెనక, వేళ్ళ సందులు. తిప్పి తిప్పి, లైటు కిందికి జరిపి మరీ చూసింది.

ఏమీ లేదు. ఒక్క దద్దురు లేదు. వెన్నపూసలా ఉంది పిల్ల ఒళ్ళు.

పెద్దమ్మకి ఎండాకాలం నుంచీ ఉన్న దురదని పక్కలో పెట్టుకుని, అదే దిండు, అదే దుప్పటి, పాప ఇన్నాళ్ళూ పడుకుంది. అయినా ఏమీ అంటలేదు. ఇది అంటుకునేది కాదు. ఎప్పుడూ కాదు. ఆ సంగతి వేడిగదిలో ఉన్న ఆ మనిషికి రోజూ పొద్దున్నే ఈ పిల్ల ఒంటి మీద కనబడుతూనే ఉంది. చూస్తూనే నోరు మూసుకుంది.

పాపకి మెలకువొచ్చింది. కళ్ళు నులుముకుని చూసి వెనక్కి జరగబోయింది. "అమ్మా, ముట్టుకున్నావు. పెద్దమ్మ తిడుతుంది."

"తిట్టదమ్మా," అంది తల్లి. ఏడుస్తోందని ఆమెకే తెలీలేదు. "ఇక తిట్టదు. రా."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వచ్చి మెడ చుట్టూ చేతులేసింది, దద్దుర్ల మీదే. మండింది. మండనీ అని ఇంకా దగ్గరికి లాక్కుని, అదే మంచం మీద వాలింది.

దొడ్లోంచి చప్పుడు మళ్ళీ మొదలైంది. గోకడం కాదు, బాదడం. మధ్యమధ్య ఒక ఆడగొంతు, ఏడుస్తూ, బతిమాలుతూ. వీధిలో ఒక కిటికీ మూసుకుంది. ఆ పక్కది మూసుకుంది. ఎదురింట్లో లైటు వెలిగి, వెంటనే ఆరిపోయింది. ఒక్కరూ బయటికి రాలేదు.

కింద ముందుగదిలోంచి అత్తగారు వణుకుతున్న గొంతుతో పిలిచింది. "అమ్మాయ్... ఏంటే ఆ చప్పుడు?"

చిన్నకోడలు పాప చెవి మీద చెయ్యి కప్పింది.

"దెయ్యం అత్తయ్యా," అంది. "మీరు పడుకోండి."