తేటగాలి చుక్క

మంచుగడ్డ అంచున మరో ఓడ లంగరు వేసింది. దాని పొగగొట్టంలోంచి లేస్తున్న నల్లటి చారను పరిశోధన స్టేషన్ కిటికీలోంచి చూస్తూ డాక్టర్ నీలవేణి పళ్ళు నూరింది.

ఆమె తయారుచేసిన యంత్రమే ఈ ఓడలను అంటార్కిటికాకు రప్పించింది. అంతకుముందు ధ్రువప్రాంతాల గాలిలో ఎంత ధూళి ఉందో శాటిలైట్లు సరిగా చెప్పలేకపోయేవి. కిందంతా మంచు. పైన తేలే పలచటి ధూళి పొర ఆ తెలుపులోనే కలిసిపోయేది. సున్నం కొట్టిన గోడ ముందు పిండి చల్లితే కంటికి ఆనుతుందా? శాటిలైట్‌లో అమర్చిన నీలవేణి యంత్రం ఒకే చోటును అనేక కోణాల్లోంచి చూసింది. కోణం మారితే మంచు మెరిసే తీరు వేరు, ధూళి మెరిసే తీరు వేరు. ఆ తేడాను పట్టుకుని మంచు వెలుగును తీసేస్తే మిగిలింది ధూళి లెక్క. ఏళ్ళ తరబడి కుదరని అంచనా కుదిరింది.

ఆ లెక్కతో గీసిన మ్యాప్‌ను లోకానికంతటికీ తెరిచిపెట్టారు. భూమి మీద అన్నిటికన్నా తేటగాలి ఉన్న చోటు అందులో నీలిచుక్కగా వెలిగింది. అది సరిగ్గా ఆమె స్టేషన్ పక్కనే. మరుసటి వేసవికల్లా, తేటగాలి పీల్చుకోవచ్చంటూ జనాన్ని ఓడలెక్కించుకుని యాత్రల కంపెనీలు దిగాయి.

మ్యాప్ మూసేయమని ఆమె పై అధికారులకు మొరపెట్టుకుంది. ప్రజల సొమ్ముతో చేసింది ప్రజలకు దాచకూడదన్నారు. పోనీ ఓడలనైనా ఆపమంది. అది తమ చేతిలో లేదన్నారు.

విసిగిపోయి తానే ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ విజయవాడ నుంచి వచ్చిన పట్టాభిరామయ్య, ఉబ్బసంతో బాధపడే భార్య కామేశ్వరికి శాలువా కప్పుతున్నాడు. ఆ మ్యాప్ తన యంత్రం గీసిందేనని, ఓడల పొగతో ఇక్కడి గాలి పాడవుతోందని, దయచేసి వెళ్ళిపొమ్మని నీలవేణి కోపం దిగమింగుకుని చెప్పింది.

"మేమిద్దరం పీలిస్తే ఎంత తరిగిపోతుందమ్మా?" అన్నాడాయన.

కామేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎన్నేళ్ళకో నిన్న కంటినిండా నిద్రపోయానమ్మా."

నీలవేణి మెల్లగా చెయ్యి విడిపించుకుని తిరిగొచ్చేసింది.

కొన్నాళ్ళకు మ్యాప్‌లో స్టేషన్ పక్కనున్న చుక్క వెలిసిపోయింది. చూస్తుండగానే ఓడలన్నీ లంగరు ఎత్తసాగాయి. పీడ విరగడైందనుకుంటూ ఆమె బయటికొచ్చేసరికి పట్టాభిరామయ్య వీడ్కోలు చెప్పడానికి ఎదురొచ్చాడు.

"ఇంటికేనా అండీ?" అని అడిగింది.

"ఇంకా లోపలికమ్మా. ఇక్కడి గాలి చెడిందని మీ మ్యాపే చూపించింది కదా. ఇప్పుడు తేటగాలి ఆ కొండల అవతల ఉందట. విమానాలు దిగడానికి మంచు చదును చేస్తున్నారు. అంతా మీ యంత్రం చలవ, తల్లీ."

ఆయన మనస్ఫూర్తిగా చేతులు జోడించాడు.