కుడికి తిప్పితే మోగే హారన్

మాణిక్యమ్మ నడిరోడ్డు మీద నిలబడి ఒక పాత నల్ల కారుకు బేరమాడుతోంది. రాయిని ఒరుసుకోకుండా పారే నీళ్లలా, డ్రైవరు లేకుండా పిలిస్తే వచ్చే పిలుపుబండ్లు ఆమెకు అటూ ఇటూ చప్పుడు లేకుండా సాగిపోతున్నాయి. వాటివైపు ఆమె చూడలేదు, ఎదుట నిలబడ్డ భుజంగరావూ చూడలేదు. ఆటోనగర్‌లో ఎవరూ చూడరు. బండ్లన్నిటినీ ఒక్క తాటి మీద నడిపే తోవజాలం వచ్చిన తరువాత మనిషి బండిని తప్పుకునే పని లేదు. బండే మనిషిని తప్పుకుంటుంది.

"స్టీరింగ్ తిరగాలి, హారన్ మోగాలి," అన్నాడు భుజంగరావు. పాత యంత్రాలు పోగుచేయడం ఆయన సరదా. "మా గేటు దాకా చేత్తో నడిపించి తీసుకురండి. అప్పుడే కొంటాను. మూలన పెట్టుకునే బొమ్మలు నాకు చాలా ఉన్నాయి."

"నడిపిస్తామండీ. నడిచాక మాత్రం అది వంకర, ఇది సొట్ట అనకూడదు."

షెడ్డులో బాజీ ఆ నల్ల కారు స్టీరింగ్ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, పగుళ్లలో పెట్టిన లప్పాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. పాత ఇనుము కొనేది మాణిక్యమ్మ, దానికి ప్రాణం పోసేది అతను.

"అక్కా, చక్రం వెనక రాగి రింగు అరిగిపోయింది. కుడికి తిప్పితే చాలు, బటన్ నొక్కకుండానే మోగుతోంది. నెల్లూరులో ఇట్టాంటి బండే విప్పి పెట్టారంట. దాని రింగు తెప్పిద్దామా?"

"ఎప్పటికొస్తది?"

"వచ్చే వారం."

"ఆలోపు ఆయన మనసు మారుద్ది. మోగాలన్నాడు, మోగుతోంది. అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తున్నాం కదా."

మాణిక్యమ్మ దగ్గర ప్రతి లోపానికీ రెండు పేర్లుంటాయి. కొనేటప్పుడు అది లోపం, అమ్మేటప్పుడు విశేషం.

చేత్తో నడిపే బండిని రోడ్డెక్కించడానికి తోవజాలం కార్యాలయం సులువుగానే ఒప్పుకుంది. దారి పొడుగునా ఒక్క పిలుపుబండిని కూడా దరిదాపులకు రానివ్వబోమని మాటిచ్చింది. మనుషుల సంగతి మాణిక్యమ్మ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మనుషులను పక్కకు తప్పించే పని ఆ కార్యాలయానికి ఎన్నడూ పడలేదు.

బాజీ నడుపుతున్నాడు. అతనికి డ్రైవింగ్ నేర్పింది తండ్రి, అదీ షెడ్డు ఆవరణలో ముందుకీ వెనక్కీ. మాణిక్యమ్మ అతని పక్కన, భుజంగరావు వెనక సీట్లో. పటమట వీధిలోకి తిరిగేసరికి ఎదురుగా జనం వీపులు కనిపించాయి. రోడ్డు నిండా తాపీగా నడుస్తున్నారు. బాజీ వేగం తగ్గించాడు. ఎవరూ పక్కకు జరగలేదు.

"కొట్టవయ్యా హారన్," అన్నాడు భుజంగరావు ఉత్సాహంగా. "దాని కోసమేగా ఇదంతా."

బాజీ బటన్ నొక్కాడు.

వీపులన్నీ ముఖాలయ్యాయి. ముఖాలన్నిటి మీదా ఒకటే చిరునవ్వు. జనం కారువైపు నడిచి రాసాగారు.

మాణిక్యమ్మకు వెంటనే అర్థమైంది. వీళ్లు పుట్టి బుద్ధెరిగాక బండి చప్పుడు చేసేది ఒక్కందుకే. నీకోసం వచ్చాను, ఎక్కు అని. దాన్ని పిలుపునాదం అంటారు. తప్పుకోమని అరిచిన బండిని వీళ్లెవరూ ఎరగరు.

"పక్కనించి పోనీ బాజీ."

అతను చక్రం కుడికి తిప్పాడు. హారన్ దానంతటదే మోగింది, ఆగలేదు. ఇళ్లలోంచి, కొట్లలోంచి ఇంకా జనం వచ్చారు. బాజీ బ్రేకు తొక్కి ఇంజను ఆపేశాడు. హారన్ మోగుతూనే ఉంది.

"చక్రం తిన్నగా చెయ్యవయ్యా," భుజంగరావు గొంతులో ఉత్సాహం పోయింది.

"ఆగు," అంది మాణిక్యమ్మ. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. ముందు టైరుకు ఆనుకుని ఒక చిన్నపిల్ల పాదం ఉంది. చక్రం తిరిగితే ఆ పాదం టైరు కింద నలుగుతుంది. పిల్ల జరుగుదామన్నా చోటు లేదు. వెనకనుంచి జనం నెమ్మదిగా, మర్యాదగా నెడుతూనే ఉన్నారు. పిల్ల రెండు చేతులూ బానెట్ మీద ఆనించి, కారు అద్దంలోకి వింతగా చూస్తోంది. కేక లేదు, తోపులాట లేదు. మోత పెరిగేకొద్దీ ఆ చిరునవ్వులు దగ్గరవుతున్నాయి.

"తీగలు తెంపెయ్."

"పొద్దుట్నించీ చేసిన పనక్కా."

"తెంపమన్నానా."

బాజీ డ్యాష్‌బోర్డు కిందకు దూరి గుప్పెడు తీగలు లాగేశాడు. మోత ఆగింది. నెట్టుకోవడం కూడా ఆగింది. కానీ ఎవరూ కదల్లేదు.

మాణిక్యమ్మ కష్టంమీద తలుపు తీసుకుని దిగింది. "తప్పుకోండయ్యా."

ఒక పెద్దమనిషి మర్యాదగా అన్నాడు. "బండి పిలిచింది కదండీ. ఎక్కకుండా ఎట్టా?"

ఆమె అతన్ని రెక్క పట్టుకుని పక్కకు నడిపించింది. చెయ్యి వదలగానే అతను తిరిగి వచ్చి అదే చోట నిలబడ్డాడు. మాణిక్యమ్మ వెనక తలుపు తీసింది.

"భుజంగరావుగారూ, దిగండి."

"ఏం చేస్తున్నావమ్మా?"

"కొట్టు తెరిచి పిలిచాం. ఊరికే పొమ్మంటే పోరు. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాల."

ఎడమ తలుపులోంచి ఒక్కొక్కరినీ ఎక్కించింది. పిలుపుబండికి కిటికీలుండవు, అందులో ప్రయాణమంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే. వాళ్లు అలాగే కూర్చుని కళ్లు మూసుకున్నారు. క్షణమాగి ఆమె కుడి తలుపు తీసి, "చేరారు, దిగండి," అంటోంది. వాళ్లు తలూపి దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతున్నారు. చెప్పిన మాట నిజమా కాదా అని ఒక్కరూ అడగలేదు. అంత తేలికైన బేరం ఆమె జన్మలో చెయ్యలేదు.

వీధి పలచబడింది. అప్పుడు బాజీ ఆమె భుజం తట్టాడు.

"అక్కా, వాళ్లు ఎక్కడికి పోతున్నారో చూడు."

దిగినవాళ్లు దిగినట్టే ఎదురుగా ఉన్న గేట్లు తీసుకుని లోపలికి వెళుతున్నారు. ఇందాకటి పెద్దమనిషి ఒక వరండాలో కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు. "ఎవరండీ మీరు? ఎవరు కావాలి?" అని లోపలినుంచి ఒక ఆడగొంతు అడుగుతోంది. పక్కింట్లోనూ అదే ప్రశ్న, ఇంకో గొంతులో. దిగినవాళ్లు మాత్రం నిబ్బరంగా సర్దుకుంటున్నారు. బండి దింపింది కాబట్టి అది వాళ్ల ఇల్లే.

చివరగా ఆ చిన్నపిల్ల దిగింది. పాదానికేమీ కాలేదు. ఎదుటి గేటువైపు గబగబా నడిచింది. మాణిక్యమ్మ పరుగున పోయి ముంజేయి పట్టుకుంది.

"అటెక్కడికే? అది మీ ఇల్లు కాదు. మీ ఇల్లెక్కడ?"

"దిగిన చోట."

"అది కాదమ్మా. ఏ వైపునుంచి వచ్చావు?"

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. అడిగినదేమిటో దానికి అంతుబట్టలేదు. తనే అడిగింది.

"మరి మీదెక్కడ?"

"మాదా? మాది ఇదిగో," అంటూ మాణిక్యమ్మ చెయ్యెత్తింది. ఎడమవైపు చూపబోయింది. అక్కడ పొడుగ్గా ఒక వీధి ఉంది. కుడివైపు తిప్పింది. అక్కడా అలాంటి వీధే. నలభై ఏళ్లుగా ఉదయం పిలుపుబండిలో కళ్లు మూసుకుని వచ్చి, సాయంత్రం కళ్లు మూసుకుని పోయే దారి అది.

ఎత్తిన చెయ్యి దించకుండా ఆమె బాజీవైపు తిరిగింది. బాజీ తల వంచుకుని, తెగిన తీగలు చేతికి చుట్టుకుంటున్నాడు.